అద్దం నా వేలిని గుర్తుపట్టలేదు!

సినిమా పత్రికలో ఈ వీడియో గేముల గొడవేమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి, తప్పులేదు. కానీ నేను ముప్ఫై నాలుగేళ్ళు సినిమాహాల్లో ఆపరేటర్‌గా పనిచేసినవాణ్ణి. జనం తెరలోకి ఎప్పుడు వెళ్ళిపోతారో, ఎందుకు ఉలిక్కిపడి బయటికొచ్చేస్తారో, గోడకున్న చిన్న కంతలోంచి రోజుకు నాలుగాటల చొప్పున చూసినవాణ్ణి. గేమైనా సినిమా అయినా చివరికి అడిగేది ఒక్కటే గదా... మనం మనల్ని మర్చిపోయామా, లేదా?

నేను తెనాలిలో ఒక హాల్లో 1977లో అసిస్టెంటుగా చేరాను. కాబిన్‌లో రెండు మిషన్లు. రెండువేల అడుగుల రీలు ఇరవై నిమిషాలకు కాస్త పైన ఆడేది. ఒక మిషన్ మీద రీలు అయిపోతూండగానే రెండో మిషన్ మీదికి మారిపోవాలి. ఎలా తెలుస్తుందంటారా? తెర మీద కుడివైపు పైమూల ఒక చిన్న చుక్క కనిపించి మాయమవుతుంది. అప్పుడు రెండో మిషన్ మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకు ఇంకో చుక్క వస్తుంది. అంతే, మార్చెయ్యాలి! ఈలోగా కార్బన్ కడ్డీలు అరిగిపోతూ ఉంటే వాటి మధ్య సందు సరిచెయ్యాలి. కాబిన్‌లో వెలుతురు అంతంతమాత్రం. కళ్ళు తెరమీద, చేతులు మిషన్ మీద. ఏ మర ఎక్కడుందో, ఏ పిడి ఎంత తిప్పాలో నా వేళ్ళకి తెలుసు. నన్నడిగితే నేను చెప్పలేకపోయేవాణ్ణి. వేళ్ళు మాత్రం చెప్పేవి.

ఇందులో ఒక తమాషా ఉంది. హాల్లో ఉన్న అందరూ సినిమాలో లీనమైపోవాలంటే కాబిన్‌లో ఉన్న ఒక్కడు మాత్రం లీనం కాకూడదు! ఈ సంగతి నాకు ఒక మధ్యాహ్నం ఆటలో తెలిసొచ్చింది. 'మాయాబజార్' 1957లో వచ్చిన సినిమా. మా హాల్లో మళ్ళీ వేశారు. ప్రియదర్శిని పేటిక సీను. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు కనిపించాడు. బలరాముడికి దుర్యోధనుడు కనిపించాడు. కృష్ణుడికేమో శకుని, పాచికలతో సహా! నేను ఎన్నోసార్లు చూసిందే. అయినా నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత రెండు చుక్కలూ వచ్చి వెళ్ళిపోయాయి. నాకు మాత్రం తెల్లటి తెర కనిపించింది. ఇక కింద నేల క్లాసులో ఈలలు, బెంచీల చప్పుడు, మా వంశాన్నంతా తలుచుకుంటూ కేకలు. ఆ రోజు ప్రొప్రయిటర్ గారు నన్నేమీ అనలేదు. అదే నాకు ఇంకా సిగ్గేసింది.

2011లో మా హాలుకి డిజిటల్ వచ్చింది. రీళ్ళు లేవు, చుక్కలు లేవు, కార్బన్లు లేవు. గోడకి ఒక అద్దం పలక. దానిమీద వేలితో తాకితే ఆట మొదలు. నేర్పడానికి వచ్చిన కుర్రాడు, "ఇంతేనండీ బాబాయ్ గారూ!" అన్నాడు. నిజమే, అంతే. ఆ "అంతే" నాకు నచ్చలేదు. ఆ యేడే మానేశాను.

* * *

2021లో మా ఆవిడ పోయింది. మా అబ్బాయి వచ్చి నన్ను హైదరాబాద్ తీసుకొచ్చాడు. కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు. అబ్బాయీ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్థులే. ఇంట్లో మిగిలేది నేనూ, మా మనవడూను. వాడికప్పుడు పద్నాలుగేళ్ళు. వాడు తల ఎత్తేవాడు కాదు. చేతిలో ఫోను, ఫోనులో యుద్ధం! 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీని నిషేధిస్తే వీడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. 2021 జులైలో అదే ఆట వేరే పేరుతో, బీజీఎంఐ అంటూ తిరిగొచ్చింది. సరిగ్గా నేను వచ్చిన రోజులవి. అంచేత మనవడికి నేను వచ్చానో, ఆట వచ్చిందో తేడా తెలిసినట్టు లేదు.

"మావయ్యగారూ, మీరైనా చెప్పండి వాడికి" అనేది కోడలు. ఏమని చెప్పను? నాకు వాడితో మాటలే లేవు. వాడు "భోంచేశావా తాతయ్యా" అంటాడు. నేను "చేశాన్రా" అంటాను. తెర దించేయడమే!

ఒకరోజు ఊరికే వాడి పక్కన కూర్చున్నాను. చెప్పొద్దూ, బొమ్మ అద్భుతంగా ఉంది. వందమంది విమానంలోంచి ఒక దీవిలోకి దూకుతారు. చివరిదాకా మిగిలినవాడే గెలిచినట్టు. వీడు గడ్డిలో పాకుతున్నాడు. ఎదర ఇల్లు. ఇంట్లో అడుగుల చప్పుడు. నేనూ ఊపిరి బిగబట్టాను. వాడు తుపాకీ ఎత్తాడు... ఏమీ పేలలేదు. బొమ్మ గెంతింది! అవతలివాడు కాల్చేశాడు. ఆట అయిపోయింది.

"ఎందుకు గెంతావురా?"

"గెంతలేదు తాతయ్యా. ఫైర్ బటన్ మీంచి వేలు జారి జంప్ మీద పడింది."

నాకు పాత తెల్లటి తెర కళ్ళముందు కనిపించింది. ఇది ఆటగాడి తప్పు కాదు, కాబిన్‌లో తప్పు! ఆ తర్వాత నాలుగు రోజులు వాడి ఆట చూడ్డం మానేసి వాడి కళ్ళే చూశాను. సరిగ్గా గండం మీదికొచ్చినప్పుడు కళ్ళు ఒక్క క్షణం కిందిమూలకి వెళ్ళొచ్చేవి, వేలు ఎక్కడుందో చూసుకోవడానికి. అద్దానికి అంచు లేదు, గుంట లేదు, మిట్ట లేదు. నిప్పు కురిపించే మీటా అద్దమే, గడ్డీ అద్దమే, శత్రువు మొహమూ అద్దమే! పైగా రెండు బొటనవేళ్ళు బొమ్మనే కప్పేస్తున్నాయి. హాల్లో ముందు వరసవాడు లేచి నిలబడితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. "కూర్చోవయ్యా" అందామంటే, అది మన వేలే!

పాత ఫోన్లు మీకు గుర్తుండే ఉంటాయి. 5 అంకె మీద చిన్న బొడిపె ఉండేది. టైపు మిషన్ల సంతతి అయిన కంప్యూటరు కీబోర్డు మీద ఎఫ్ మీదా, జె మీదా ఈనాటికీ గీతలాంటి బొడిపెలుంటాయి. కళ్ళని పిలవకుండా వేళ్ళకి దారి చెప్పడానికే అవి. నోకియాలో 1997 నుంచీ ఉన్న పాము ఆట, మా అబ్బాయి దుప్పట్లో దూరి చూపు తెరమీంచి కదపకుండా ఆడేవాడంటే ఆ బొత్తాల చలవే.

"ఇదిగో, నువ్వాడు" అని ఒకనాడు వాడే ఫోను నా చేతికిచ్చాడు. ఎంత సంతోషించానో! బొటనవేలు పెట్టాను. బొమ్మ కదల్లేదు. నొక్కాను. కదల్లేదు. గట్టిగా నొక్కాను. వాడు నవ్వాడు. "నొక్కక్కర్లేదు తాతయ్యా, తాకితే చాలు." తాకాను. ఒకసారి కదిలింది, రెండుసార్లు కదల్లేదు.

తర్వాత వాడే విడమరిచి చెప్పాడు. ఈ అద్దం కింద కంటికి కనపడని సన్నటి విద్యుత్ పొర ఉంటుంది. మన వేలు తగిలితే అక్కడ విద్యుత్తులో చిన్న మార్పు వస్తుంది. అదే దానికి తెలిసే స్పర్శ. బలంతో పనిలేదు. వేలి చర్మం బాగా ఎండిపోయి గట్టిపడి ఉంటే ఆ మార్పు సరిగా రాదు. కార్బన్ వేడి, రీళ్ళ అంచులు నా వేళ్ళని చెప్పుల తోలులా చేశాయి. పైన వయసొకటి. ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసిన వేలిని ఆ అద్దం గుర్తుపట్టలేదు! నవ్వుతూనే ఫోను ఇచ్చేశాను గానీ, ఆ రాత్రి కాసేపు నిద్రపట్టలేదు.

* * *

వాడి పదహారో పుట్టినరోజుకి మా అబ్బాయి ప్లేస్టేషన్ కొన్నాడు. దాంతోపాటు రెండు చేతుల్లో పట్టుకునే కంట్రోలర్. అది చేతిలోకి రాగానే నా బొటనవేలు ఎడంపక్కనున్న కూడిక గుర్తు మీద కూర్చుంది. నేను చెప్పలేదు, అదే వెళ్ళింది.

ఆ కూడిక గుర్తుకి ఒక కథ ఉంది. జపాన్‌లో నింటెండో కంపెనీలో గున్‌పే యొకోయి అనే ఆయన 1982లో 'డాంకీ కాంగ్' చేతియంత్రం కోసం దాన్ని తయారుచేశాడు. నాలుగు దిక్కులకీ ఒకటే బిళ్ళ. మధ్యలో బొటనవేలు ఆనుతుంది. ఏ పక్కకి వంచితే బొమ్మ ఆ పక్కకి నడుస్తుంది. కళ్ళు కిందికి దింపాల్సిన పనేలేదు. 1997లో నింటెండో వాళ్ళే తమ ఆటల కంట్రోలర్ అదిరేటట్టు ఒక పెట్టె తగిలించారు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ అయితే, ఆటలో విల్లు లాగితే వేలి కింద మీట కూడా బిగుసుకుంటుంది. చూశారా, బొమ్మా శబ్దమే కాదు, స్పర్శ కూడా కథ చెబుతోంది!

మేమిద్దరం కార్ల పందెం ఆడాం. మొదటిరోజు నా కారు చెట్టెక్కింది. వారం తిరిగేసరికి వాణ్ణి ఒకసారి ఓడించాను. వాడు సోఫామీంచి లేచి, "అమ్మా! తాతయ్య నన్ను కొట్టేశాడు!" అని అరిచాడు. ఆ ఇంట్లో మా ఇద్దరి గొంతులూ కలిపి వినిపించడం అదే మొదలు.

అదిగో, అక్కణ్ణించీ నాకు పొగరెక్కింది. "బొత్తాం ఉన్నదే ఆట, అద్దం మీదది ఆటే కాదు" అని తీర్పిచ్చేశాను. వాడు ఊరుకుంటాడా? మీకు నచ్చినా నచ్చకపోయినా వాడి వాదన కూడా చెప్పాలి. లేకపోతే పక్షపాతం అవుతుంది.

ముందు పరీక్ష పెట్టాం. కళ్ళు మూసుకుని తుపాకీ మీట మీద వేలు పెట్టాలి. కంట్రోలర్ మీద వాడు పదికి పది. ఫోను మీద పదికి నాలుగు. నేను మీసం దువ్వబోతుంటే, "ఆగు తాతయ్యా, అది కళ్ళు మూసుకుంటే. ఆడేటప్పుడు ఎవరైనా కళ్ళు మూసుకుంటారా?" అన్నాడు. ఫోనులో బొత్తాలని ఎవరి వేలికి తగ్గట్టు వాళ్ళు పెద్దవి చేసుకోవచ్చు, జరుపుకోవచ్చు. కొన్ని ఆటల్లో నడిపే మీట ఒక చోటనే ఉండదు, బొటనవేలు ఎక్కడ ఆనితే అక్కడే పుడుతుంది. వేలు మీటని వెతుక్కోవడం కాదు, మీటే వేలి దగ్గరకు వస్తుందన్నమాట! ఫోనుని కాస్త వంచితే గురి కదిలే ఏర్పాటు కూడా ఉంది. చూపుడువేళ్ళు కూడా పైకి తెచ్చి పీత డెక్కల్లా పెట్టి నాలుగువేళ్ళతో ఆడేవాళ్ళున్నారు. చెమటకి వేలు జారకుండా పౌడర్ రాసుకుంటారు, వేలికి గుడ్డ తొడుగులు వేసుకుంటారు. వీడూ ఆర్నెల్లు అభ్యాసం చేశాడు. నిజం చెప్పాలంటే, ఆ తర్వాత గండం వచ్చినప్పుడు వాడి కళ్ళు కిందిమూలకి వెళ్ళడం నేను చూళ్ళేదు. చీకటి కాబిన్‌లో నా వేళ్ళు దారి నేర్చుకున్నట్టే, వీడి వేళ్ళు నున్నటి అద్దంమీద లేని మిట్టల్ని పుట్టించుకున్నాయి. సగం ఒప్పుకున్నాను.

రెండోది ఇంకా చిత్రం. నింటెండో 2012లో వీ యూ అని ఒక యంత్రం తెచ్చింది. దాని కంట్రోలర్ నడుమ ఆరు అంగుళాల పైచిలుకు అద్దం తెర ఉంది. పెద్దతెర టీవీలో, చిన్నతెర చేతిలో. తల ఎత్తడం దించడంతోనే సరిపోతుంది గదా, ఇంకెక్కడి తన్మయత్వం అన్నాను. "ఆ తలదించడాన్నే భయంగా మార్చారు" అన్నాడు మావాడు. 'జాంబీ యూ' అని దయ్యాల్లాంటి శవాల ఆట. సంచిలో మందో తూటాలో వెతుక్కోవాలంటే చేతిలోని చిన్నతెరలో వెతుక్కోవాలి. పెద్దతెర ఆగదు! నువ్వు తలదించిన ఆ నాలుగు క్షణాల్లో వెనకనించి ఎవరొస్తున్నారో తెలీదు. వాడు చూపించిన వీడియోలో ఆడేవాడు ఫోను మోగితే అదిరినట్టు మాటిమాటికీ తల ఎత్తుతున్నాడు. దృష్టి చెదరడం దోషం గదా? ఆ దోషాన్నే కథలో కలిపేశారు. మా రోజుల్లో మంచి దర్శకులు చేసే పనే ఇది. అయితే అన్ని ఆటలూ అంత తెలివిగా దాన్ని వాడుకోలేదు. రెండు తెరలు, కింద అద్దంతో 2004లో వచ్చిన డీఎస్ 15 కోట్లకు పైగా అమ్ముడైతే, వీ యూ కోటీ ముప్ఫై అయిదు లక్షల దగ్గర ఆగింది. దానికి కారణాలు చాలా ఉంటాయి గానీ, అద్దం ఉన్నంతమాత్రాన లాభమూ లేదు, నష్టమూ లేదని మాత్రం ఈ రెండంకెలూ చెబుతాయి.

ఇక మూడోది. దీనితో నా వాదం మొత్తం ఓడిపోయింది.

"ఇది ఆడి చూడు, తొందరేమీ లేదు" అని 'ఫ్లోరెన్స్' అనే ఆట తెరిచిచ్చాడు. 2018లో ఆస్ట్రేలియాలో తయారైంది. తుపాకీ లేదు, పందెం లేదు. ఒక అమ్మాయికీ ఒక అబ్బాయికీ పరిచయం. వాళ్ళు మాట్లాడుకోవాలంటే మాటల బుడగని మనం ముక్కలు పేర్చి పూర్తిచేయాలి. మొదటి పరిచయంలో ముక్కలెక్కువ. చనువు పెరిగేకొద్దీ ముక్కలు తగ్గిపోతాయి, మాట సులువవుతుంది. దెబ్బలాడుకున్నప్పుడు అవే ముక్కలు కోసుగా, పదునుగా ఉంటాయి. ఒకే ఇంట్లోకి వచ్చినప్పుడు వాడి సామాన్లకి అలమరలో చోటివ్వాలి. తర్వాత ఒకరోజు వాడి సామాన్లు తీసి సర్దాలి.

ఆ సర్దేచోట నా వేలు ఆగిపోయింది. ఈసారి అద్దం తప్పు కాదు. తెనాలి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మా ఆవిడ కుంకుమ భరిణె, కళ్ళజోడు, ఎర్రంచు తువ్వాలు నేనే ఒక్కొక్కటీ తీసి పెట్టెలో పెట్టాను. ఆ పని చేతితో చేసిన పని. ఈ పనీ చేతితో చేసినదే. మధ్యలో మీట లేదు, బొత్తాం లేదు. కంట్రోలర్‌తో అయితే ఏదో బొత్తాం నొక్కితే వస్తువు పెట్టెలో పడేది, నాకేమీ అనిపించేది కాదేమో. మనవడు పక్కనే ఉన్నాడు. ఏమీ అడగలేదు. వాడి నాయనమ్మ గురించి ఆ రాత్రి రెండు గంటలు మాట్లాడుకున్నాం. మూడేళ్ళలో వాడు ఆవిడ పేరెత్తడం అదే మొదటిసారి. వాడూ మోస్తున్నాడన్నమాట!

కాబట్టి, నాకు తెలిసినంతవరకు సంగతి ఇదీ. చేతికి ఆటలో ఒక పనిముట్టు కావాలనుకోండి, స్టీరింగో, తుపాకీయో, అప్పుడు అద్దం అడ్డమే. అంచులేని చోట వేలు తడబడుతుంది. అభ్యాసంతో గెలవచ్చు గానీ, ఆ కష్టం కొంత మన మైమరపులోంచే తీసి కట్టాలి. అలాకాక వేలు చేసేదే అసలు పని అయితే, పండుని కోయడం, ఉండేలు లాగడం, ముక్క పేర్చడం, అప్పుడు బొత్తామే అడ్డం. 2009లో వచ్చిన కోపిష్టి పక్షుల ఆట, 'యాంగ్రీ బర్డ్స్', అయిదేళ్ళ పిల్లకి ఎవరూ నేర్పకుండానే వచ్చేసిందంటే కారణం అదే. రబ్బరు పట్టుకుని లాగి వదలడమేగా! మంచి ఆపరేటర్ హాల్లో ఉన్నవాళ్ళకి కనపడడు. మంచి కంట్రోలర్ కూడా అంతే. అది కనిపించిందా, తెర తెల్లబడ్డట్టే.

* * *

2025లో మావాడు ఇంజనీరింగ్‌లో చేరి హాస్టలుకి వెళ్ళిపోయాడు. ప్లేస్టేషన్ టీవీ కింద దుమ్ము పట్టింది. కంట్రోలర్ నా చేతిలో ఉన్నా పక్కన వాడు లేడు. ఇద్దరికీ మిగిలింది ఫోనే. అంటే, నన్ను గుర్తుపట్టని ఆ అద్దమే!

"లూడో ఆడదాం తాతయ్యా. తొందరుండదు" అన్నాడు ఫోనులో. లాక్‌డౌన్ రోజుల్లో దేశమంతా ఆడిన ఆటే. మన వైకుంఠపాళీకి పిన్నికూతురు లాంటిది. పాచిక మీద తాకితే పడుతుంది. తాకాను. పడలేదు. "తాతయ్యా, నీ వంతు." మళ్ళీ తాకాను. "తాతయ్యా, ఉన్నావా?" టైము అయిపోయి నా వంతు పోయింది. అవతల వాడు ఓపిగ్గా నిట్టూర్చడం వినిపించింది. ఆ నిట్టూర్పు ముసలివాళ్ళకి బాగా తెలుసు.

మర్నాడు మంచంమీద కూర్చుని వేళ్ళకేసి చూసుకుంటుంటే మా హాలు బుకింగు క్లర్కు గుర్తొచ్చాడు. టిక్కెట్లు చించడానికి, నోట్లు లెక్కపెట్టడానికి ఆయన పక్కన ఒక చిన్న గిన్నెలో తడి స్పాంజి ఉండేది. వేలు దానికి అద్దుకుని టకటకా లెక్కపెట్టేవాడు. లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమే కొత్త స్పాంజి ముక్క కోసి, పచ్చడి గిన్నెలో నీళ్ళు పోసి పెట్టుకున్నాను. వేలు అద్దాను, తుడిచీ తుడవనట్టు తుడిచాను. పాచిక మీద తాకాను.

ఆరు!

ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి మా ఆట. అసలు మేము ఆడేది తక్కువ, మాట్లాడుకునేది ఎక్కువ. వాడు హాస్టలు సాంబారు గురించి చెబుతాడు, నేను కార్బన్ కడ్డీల గురించి చెబుతాను. మొన్న వాడి నాలుగో కాయ సరిగ్గా ఇంట్లోకి వెళ్ళబోతుంటే కొట్టేశాను. "శకునివి తాతయ్యా నువ్వు!" అన్నాడు.

'మాయాబజార్' చూశాడన్నమాట. నేను చూడమన్నది ఫోను అద్దంలోనే సుమండీ!